అసిరయ్య ఎడమ చెంప

పలాస స్టేషన్ నుంచి బజారులోకి నడిచి వస్తుంటే జీడిపప్పు కొట్ల వరసలో ఆఖరిది కూర్మయ్య ఫోటో స్టూడియో. ఆ గుమ్మంలో నేను మొదటిసారి గొంతు పెంచింది అరవై ఆరులో. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. బాలికల బడిలో కొత్తగా చేరిన పంతులమ్మని. పుట్టింది ఇచ్ఛాపురంలో, పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో. ఏడేళ్లప్పుడు అమ్మవారు పోసింది. ఆ తల్లి నా ప్రాణం వదిలి వెళ్లింది గానీ, గుర్తుగా రెండు బుగ్గల మీదా మచ్చలు పెట్టి మరీ వెళ్లింది.

ఉద్యోగం కాగితాలకు ఫోటో కావాలంటే కూర్మయ్య దగ్గరే దిగాను. మూడోనాడు వెళితే కవరులో పెట్టి చేతికిచ్చాడు. తీసి చూస్తే అందులో ఎవరో చక్కని పిల్ల. చీర నాదే, జడ నాదే, ముఖం మాత్రం నాది కాదు.

"ఇదెవరండీ?" అన్నాను.

"మీరే పంతులమ్మగారు."

"నా మచ్చలేవి?"

కూర్మయ్య నవ్వాడు. "మచ్చలు సూసుకోడానికైతే ఇంట్లో అద్దం సాలదేటమ్మా? దానికి ఫోటో ఎందుకు?"

నాకు ఒళ్లు మండింది. నా ముఖాన్ని బాగుచెయ్యమని నిన్నెవరడిగారని బజారంతా వినబడేటట్టు అరిచాను. పక్కకొట్టులో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు పని ఆపి చూశారు. అరిచి ఏం లాభం, కాగితాలకు గడువు దగ్గర పడింది. ఆ పరాయి పిల్ల ఫోటోనే అంటించి పంపాను. నన్ను చూసిన ప్రతివాళ్లూ కాగితం వంక మళ్లీ ఒకసారి చూశారు.

ఆ కూర్మయ్య కథ చెప్పాలి. ఆయనది పూండికి తూర్పున, కొబ్బరితోటలు దాటి ఇసకలో కాళ్లీడ్చుకుంటూ నడిచాక వచ్చే జాలరి పల్లె. తాతతండ్రులంతా సముద్రం మీద బతికినవాళ్లు. ఈయనకు మాత్రం తెప్ప ఎక్కితే చాలు, కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చేది. పదేళ్లప్పుడొకసారి, పన్నెండేళ్లప్పుడొకసారి తీసుకెళ్లారు. రెండుసార్లూ వాంతులు చేసుకుని వల మీద అడ్డంగా పడుకున్నాడు. గంగమ్మకు కోడిని కోశారు, మెడలో తాయెత్తు కట్టారు. గంగమ్మ కోడిని పుచ్చుకుంది గానీ కుర్రాణ్ణి ఒప్పుకోలేదు. చేపపిల్లకు ఈత రాదంటే ఊరు నవ్వదా మరి? నవ్వింది. ఆ పరువు తక్కువ భరించలేక పలాస వచ్చేసి, సంతలు తిరిగి ఫోటోలు తీసే ఒక ముసలాయన పెట్టె మోశాడు. మోస్తూ మోస్తూనే పని పట్టేశాడు. ముప్పై ఏళ్లు వచ్చేసరికి సొంత స్టూడియో పెట్టాడు.

మూడు కాళ్ల స్టాండు మీద పెద్ద కెమెరా, దాని మీద నల్లగుడ్డ, వెనక గోడకు హంసలు ఈదుతున్న కొలను బొమ్మ. వచ్చినవాళ్లందరికీ ఒక నల్లకోటు మేకుకు వేలాడుతుండేది. మా ఉద్దానం పల్లెల మగవాళ్లలో సగంమంది ఆ ఒక్క కోటులోనే ఫోటో దిగారు. పొట్టివాళ్లకు చేతులు వేళ్ల దాకా వచ్చేవి, పొడుగువాళ్లకు మోచేతుల దగ్గరే ఆగిపోయేవి. హంసల బదులు సముద్రం గీయించమని ఎవరో సలహా ఇస్తే, "దినామూ సూసే సముద్రాన్ని మళ్లీ ఇక్కడెవుడు సూత్తాడు?" అన్నాడట.

అయితే ఆయనకు పేరు తెచ్చింది కెమెరా కాదు, పెన్సిలు. ఫిల్ము కడిగి ఆరాక, వెనక నుంచి వెలుగు పడే వాలుబల్ల మీద పెట్టుకుని, సూదిలాగా చెక్కిన పెన్సిలుతో దాని మీద సన్నగా గీసేవాడు. ఫిల్ము మీద నలుపూ తెలుపూ తారుమారుగా ఉంటాయి. మచ్చ ఉన్నచోట పెన్సిలు నలుపు నింపితే, కాగితం మీద ఆ చోటు తెల్లగా, నున్నగా వస్తుంది. ఆ పెన్సిలు ముందు మశూచి మచ్చలు, కాలిన మచ్చలు, కంటికింద గుంటలు ఏవీ నిలిచేవి కావు. పెళ్లీడు పిల్లల తల్లులు మందస నుంచీ సోంపేట నుంచీ బస్సెక్కి వచ్చేవారు.

ఈయన ఒక కూర్మయ్య. ఆ మనిషిలోనే ఇంకో కూర్మయ్య ఉన్నాడు, ఆయనంటే నాకు మొదటినుంచీ గౌరవమే. తెప్ప ఎక్కలేని మనిషిని తీరంలోని జాలరి పల్లెలన్నీ ఏకమై సంఘానికి పెద్దను చేశాయి. దానికీ ఒక ఫోటోనే కారణం. చేపలగంపలు నెత్తిన పెట్టుకుని పూండి స్టేషనుకు నడిచే ఆడవాళ్లు వానాకాలంలో బురదలో దిగబడిపోయేవారు. రైలు తప్పితే గంపెడు చేపా కుళ్లేది. పదేళ్లు అర్జీలు పెట్టారు, పదేళ్లూ చూస్తామన్నారు. కూర్మయ్య ఒకరోజు కెమెరా మోసుకెళ్లి, ఎర్రమ్మ అనే ముసలావిడ తొడల దాకా దిగబడి, గంపను మాత్రం ఒలకనివ్వకుండా నిలబడిన క్షణాన్ని పట్టాడు. ఆ ఫోటోను అర్జీకి పిన్ను గుచ్చి టెక్కలి ఆఫీసులో ఇచ్చాడు. ఏడాది తిరక్కుండా గ్రావెల్ రోడ్డు పడింది. అప్పటినుంచి బావి కావాలన్నా బడి కావాలన్నా అర్జీ వెంట ఫోటో వెళ్లాల్సిందే. "మన మాట ఆలకి ఇనపడదు. ఫోటో అయితే కళ్లు మూసుకున్నా కనపడద్ది" అనేవాడు.

ఆ అర్జీల ఫోటోలను మాత్రం పెన్సిలుతో ముట్టుకునేవాడు కాదు. రోడ్డు మీద గోతులు గోతుల్లాగే ఉండాలి, మనిషి ముఖం మీద గోతులు పూడ్చెయ్యాలి. ఇదెక్కడి న్యాయమని ఒకసారి ముఖం మీదే అడిగాను.

"రోడ్డుకి పెళ్లి సెయ్యక్కర్లేదు కదమ్మా" అన్నాడు. ఆయనతో వాదనకు దిగితే ఇంతే.

అరవై ఏడు శ్రావణంలో అసిరయ్య సముద్రం మీద తప్పిపోయాడు. కూర్మయ్య పల్లెవాడే, ముప్పై ఏళ్లుంటాయి. తోడు వెళ్లేవాడికి జ్వరం వస్తే ఆ వేళ ఒక్కడే తెప్ప తోసుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి నైరుతి గాలి విసిరింది. మిగతా తెప్పలు తిరిగొచ్చాయి, ఇతని తెప్ప రాలేదు. భార్య దాలమ్మ చంటిపిల్లను ఒడిలో పెట్టుకుని ఎనిమిది రోజులు ఒడ్డునే కూర్చుంది. తొమ్మిదోనాడు కబురొచ్చింది. మనిషి బతికే ఉన్నాడు. తెప్ప కొట్టుకుపోయి ఇచ్ఛాపురం అవతల, ఒరిస్సా ఒడ్డున ఒక పల్లె దగ్గర పడింది. ఆ చుట్టుపక్కల కొంతకాలంగా వలలు దొంగతనం పోతున్నాయి. పరాయి ఊరివాడు, ఒడియా ముక్క రాదు, తెప్ప మీద వల ఉంది. ఇంకేముంది, దొంగ దొరికాడని పట్టుకెళ్లి ఠాణాలో పెట్టారు.

ఇలాంటి పనులకే కదా కూర్మయ్య ఉన్నది. టెక్కలి వెళ్లి, ఇతను మా తాలూకా జాలరి, మంచివాడు అని ఆఫీసరు చేత ఉత్తరం రాయించి ముద్ర వేయించాడు. అలవాటు ప్రకారం దానికి ఫోటో పిన్ను గుచ్చి ఆ ఠాణాకు పంపాడు. రెండేళ్ల కిందట నల్లకోటులో తీసిన అసిరయ్య ఫోటో అది. స్టూడియో గాజు బీరువాలో నడిమధ్య పెట్టుకున్నదీ అదే. "ఆదివారం కల్లా నీ మొగుడు ఇంటికాడ ఉంటాడు, సూసుకో" అని దాలమ్మకు మాటిచ్చేశాడు.

గురువారం జవాబు వచ్చింది. ఒడియాలో ఉంది కాబట్టి చదివి పెట్టమని బడి వదిలే వేళకు నా దగ్గరకు తెచ్చాడు. వెనకే దాలమ్మ. ఇచ్ఛాపురం పిల్లకు రెండు భాషలూ ఇంట్లోవే. గట్టిగా చదువుతూ తెలుగులో చెప్పాను. ఠాణాలో ఉన్న మనిషికి ఎడమ చెంప మీద కంటి కింది నుంచి చెవి దాకా పెద్ద మచ్చ ఉంది. మీరు పంపిన ఫోటోలో మనిషికి లేదు. వేరే ఎవరి ఫోటోనో పంపి దొంగను విడిపించుకోవాలని చూస్తున్నారు. సోమవారం ఇతన్ని కోర్టులో పెడుతున్నాం, ఈ దొంగ ఉత్తరం సంగతి టెక్కలి ఆఫీసుకు కూడా రాస్తున్నాం.

టేకు చేప తోకముల్లు చీరేసిన మచ్చ అది. పల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు. కూర్మయ్యకు తెలియదా? తెలుసు కాబట్టే రెండు రోజులు బల్ల దగ్గర కూర్చుని, ఒక్క గీత మిగలకుండా తుడిచేశాడు. అందుకే కదా దాన్ని గాజు బీరువాలో పెట్టుకున్నాడు.

"నేనప్పుడే చెప్పలేదా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. నా నోరు ఆగదు.

దాలమ్మ మాత్రం అరవలేదు. "నా మొగుడి మొకం నీకు బాగోనేదేటి మావా?" అంది. "ఆ మచ్చ సూసే కదా మా అయ్య నన్నిచ్చినాడు. టేకుముల్లు దిగినా ఆడు వల ఒగ్గనేదని ఊరంతా సెప్పుకుంది. నువ్వు తీసేసినావు. మళ్లీ పెట్టు."

కూర్మయ్య ఆ ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఒక్క అక్షరం రాకపోయినా.

"పెడతాను" అన్నాడు.

ఎలా పెడతారని అడిగాను. పెన్సిలు గీతలు నిలవడానికి ఫిల్ము మీద ఒక పూత పూస్తారట. టర్పెంటైన్ నూనెలో దూది ముంచి తుడిస్తే పూతతోపాటు పెన్సిలూ పోతుందట. అయితే ఇంకేం, ఇప్పుడే తుడిచి కొత్త ఫోటో వేసి పంపించండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇంటికాడ తుడిసి పట్టుకెళితే ఆలేటంతారమ్మా? మచ్చ తీసేసినోడికి మచ్చ పెట్టడం రాదేటి అంతారు. ఆ ఆపీసరు కళ్ల ముందరే తుడవాల. మీరు రావాల. నాకు ఆల బాస రాదు."

శనివారం బడికి సెలవు పెట్టి ఇద్దరితో కలిసి రైలెక్కాను. కూర్మయ్య ఒళ్లో చేతిసంచి ఉంది. అందులో ఫిల్ము కవరు, చిన్న సీసా, దూది. మందస రోడ్డు దాటింది, బారువ దాటింది. సోంపేట స్టేషన్‌లో దాలమ్మ పిల్లకు నీళ్లు పట్టడానికి దిగినప్పుడు మెల్లగా అన్నాడు.

"పంతులమ్మగారు, ఒక మాట. దాలమ్మకి సెప్పకండి. ఆ మచ్చ అంచు ఉబ్బుగా ఉండీది, పిల్ము మీద నల్లగా పడ్డాది. అక్కడ పెన్సిల్ పనిసెయ్యదు. సాకు మొనతో గీకినాను. గీకింది మరి రాదు."

"ఎంత గీకారు?"

"గేపకం లేదమ్మా. ఆ రోజు పని కుదిరిందని పొంగిపోయి ఉన్నాను."

తుడిచాక అక్కడ ఏమీ లేకపోతే? అసిరయ్యతోపాటు కూర్మయ్య కూడా ఆ ఠాణాలోనే కూర్చోవాలి. తీరంలో ఇరవై పల్లెల అర్జీలు ఆయన ఫోటోల మీద నడుస్తున్నాయి. అవన్నీ దొంగ ఫోటోలే అనడానికి టెక్కలిలో ఒక్క గుమాస్తా చాలు. ఈయన మాత్రం కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ కూర్చున్నాడు. తెప్ప మీద వాంతి చేసుకున్న కుర్రాడు ఇతనేనా అనిపించింది.

ఠాణాలో ఆఫీసరు లావు కళ్లద్దాల మనిషి. చెడ్డవాడేం కాదు, మోసపోయానన్న ఉడుకు మీద ఉన్నాడు. దాలమ్మ అసిరయ్య భార్య అంటే, దొంగలకు పెళ్లాలుండరా అన్నాడు. అసిరయ్యను తీసుకొచ్చారు. గడ్డం పెరిగి, చిక్కి సగమయ్యాడు. దాలమ్మ పిల్లను ఎత్తి చూపించింది. బల్ల మీద కోటు ఫోటో ఉంది. అసిరయ్య దాన్ని వంగి చూశాడు.

"మావా, ఈ దొర ఎవులు?" అన్నాడు.

ఆ మాటను ఒడియాలో చెప్పమని ఎవరూ అడగలేదు. బతికిపోయాం.

కూర్మయ్య నా వైపు తిరిగాడు. "నాను సెప్పింది సెప్పినట్టు సెప్పమ్మా. మెత్తపరసకు. ఈ ఫోటో అబద్దం. అబద్దం ఆడింది ఆ మడిసి కాదు, నాను. టెక్కలి ఆపీసరు నా మాట నమ్మి ముద్ర ఏసినాడు, ఆయన తప్పు లేదు. మచ్చ తీసేత్తే అందంగా ఉంటాదని నానే తీసేసినాను. ఇప్పుడు మీ ముందర మళ్లీ పెడతాను."

చెప్పినట్టే చెప్పాను. ఆయన అప్పటికే ఫిల్ము తీసి కిటికీ వెలుగుకు పట్టాడు. తెల్లజుట్టు, నల్లముఖం, చెంప నున్నగా ఉంది. కాస్త వాల్చి పట్టుకుంటే పెన్సిలు గీతలు సన్నగా మెరిశాయి. ఆఫీసరు కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. కూర్మయ్య దూదికి నూనె అద్ది తుడిచాడు. గదంతా టర్పెంటైన్ వాసన. ఏమీ మారలేదు. రెండోసారి తుడిస్తే బూడిదరంగు పులుముకుంది. చెంప మొత్తం మురికి పట్టినట్టయింది. నేను సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను. మూడోసారి కొత్త దూది తీసుకుని, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచి మళ్లీ వెలుగుకు పట్టాడు.

కంటి కింద ఒక తెల్లటి గీత కనిపించింది. చెంప మధ్య దాకా వచ్చి తెగిపోయింది. చాకు పడ్డది అక్కడే. బొటనవేలి గోరంత మేర ఖాళీ. ఆ తరవాత మళ్లీ మొదలై చెవి దగ్గరకు వెళ్లి రెండుగా చీలింది.

పక్కనున్న కానిస్టేబులు, అది కుడి చెంప కదా అన్నాడు. కూర్మయ్య ఫిల్మును అటువైపుకు తిప్పాడు. ఎడమ చెంప అయింది. ఆఫీసరు ఫిల్మును తన చేతిలోకి తీసుకుని, అసిరయ్య గడ్డం పట్టి కిటికీ వైపు తిప్పాడు. గడ్డం వెంట్రుకలు పక్కకు తోసి చెవి దగ్గర వెతికాడు. మచ్చ అక్కడా రెండుగానే చీలి ఉంది. ఒకసారి ఫిల్ము చూశాడు, ఒకసారి చెంప చూశాడు. చివరికి దాలమ్మ వంక చూసి, కూర్చోమని బల్ల చూపించాడు.

అసిరయ్యను వదిలేసే కాగితాలు రాయడం అయ్యాక ఆఫీసరు నన్ను మెల్లగా అడిగాడు. బరంపురంలో మా పెళ్లి ఫోటో తీశారు, ఫోటోలు తీసేవాళ్లందరూ ఇలాగే చేస్తారా అని.

"అందరూ సేత్తారు" అన్నాడు కూర్మయ్య. "నానైతే బాగా సేత్తాను."

ఎక్కడా తగ్గడు కదా! ఆఫీసరుతో సహా అందరం నవ్వాం, అసిరయ్య తప్ప. అతను కూతురి చేత తన గడ్డం పీకించుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున్నే పూండి దారిలో గ్రావెల్ రోడ్డు మీద అసిరయ్య నడిచి ఇంటికి వెళ్లాడు. సోమవారం కూర్మయ్య టెక్కలి ఆఫీసుకు తానే వెళ్లాడు. ఎవరూ పిలవకముందే జరిగిందంతా చెప్పాడు. ఇన్నాళ్లూ అర్జీలతో ఇచ్చిన ఫోటోల ఫిల్ములన్నీ బల్ల మీద పెట్టి, పక్కన టర్పెంటైన్ సీసా పెట్టి, "ఏది కావాలంటే అది తుడుసుకోండి బాబూ. గోతులు గోతుల్నాగే ఉంటాయి" అన్నాడట. ఆఫీసరు సీసా మూత తియ్యలేదు. ఆ ఏడే మా తీరానికి ఇంకో రెండు బావులు వచ్చాయి.

గాజు బీరువాలో పాత ఫోటో తీసేసి కొత్తది పెట్టాడు. అదే నల్లకోటు, అదే హంసలు, చెంప మీద మధ్యలో తెగిన మచ్చ. తెగినచోట పెన్సిలుతో కలపడం ఆయనకు నిమిషం పని. కలపలేదు. పెన్సిలు వదిలిపెట్టాడనుకోకండి, చచ్చేదాకా వదల్లేదు. అయితే కెమెరా ముందు కూర్చోబెట్టి ప్రతివాళ్లనీ ఒక మాట అడగడం మొదలుపెట్టాడు. "ఉంచనా, తీసెయ్యనా?" చాలామంది తీసెయ్యమనే అన్నారు. తీసేశాడు. రత్నాలమ్మ అనే ముసలావిడ మచ్చలుంచి, ఊడిన పళ్లు మూడూ పెట్టమంది. అవీ పెట్టాడు.

మరుసటి ఏడు మా నాన్నగారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. బరంపురంలో ఒక సంబంధం ఉంది, ఫోటో తీయించి పంపమని. ఇస్త్రీ చీర కట్టుకుని స్టూడియోకి వెళ్లాను. హంసల ముందు కుర్చీలో కూర్చున్నాను. కూర్మయ్య నల్లగుడ్డలోకి తల దూర్చబోతూ ఆగాడు.

"ఉంచనమ్మా, తీసెయ్యనా?"

రెండేళ్ల కిందట ఈ మాట అడగలేదనే కదా బజారంతా వినబడేటట్టు అరిచాను. అడిగితే జవాబు నాలుక మీదే ఉంటుందనుకున్నాను. లేదు. అవతల అబ్బాయి, వాళ్లమ్మ, ఆ ఫోటో పట్టుకుని వెలుగులో చూసే చూపు, అన్నీ కళ్లముందు కదిలాయి. తీసెయ్యమంటే ఎంత హాయి! సిగ్గుతో, భయంతో తల వంచుకుని కూర్చున్నాను. కూర్మయ్య తొందర పెట్టలేదు. ఆయన వెనక గాజు బీరువాలో అసిరయ్య నిలబడి ఉన్నాడు, దొరలాగా కాదు, తనలాగే. ఆ మచ్చ సూసే కదా మా అయ్య నన్నిచ్చినాడు అన్న దాలమ్మ మాట గుర్తొచ్చింది.

"ఉంచండి" అన్నాను. నాకే వినబడలేదు.

కూర్మయ్య గుడ్డలోకి తల దూర్చేశాడు. "ఏటమ్మా? గుడ్డలో ఇనపడదు, గట్టిగా సెప్పండి."

"ఉంచండి!" అని అరిచాను. పక్కకొట్టులో జీడిపిక్కలు కొట్టే చప్పుడు ఆగింది. సరిగ్గా అప్పుడే తీశాడు.

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో నా నోరు కాస్త తెరిచి ఉంటుంది.